పెరటి గోడకు పొట్ట ఎందుకొస్తుంది?

“సిమెంటుకు లోటు చెయ్యలేదు. ఇటుక మంచిదే. మేస్త్రీ కూడా చెయ్యి తిరిగినవాడే. అయినా రెండు వానాకాలాలు తిరిగేసరికి పెరటి గోడకు పొట్ట ఎందుకొచ్చింది?” నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో ఇల్లు కట్టుకున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దాని వెనకే ఇంకొకటి వస్తుంది: “పడగొట్టి మళ్లీ కట్టాలంటే కాంక్రీటే పోయించాలా? అంత డబ్బెక్కడిది?”

మొదటి ప్రశ్నకు సరైన జవాబు తెలిస్తే రెండోదానికి జవాబు దానంతటదే దొరుకుతుంది. గోడ ఎందుకు ఒరిగిందో తెలియని మనిషి మరింత సిమెంటు పోస్తాడు. తెలిసిన మనిషి క్రషర్ దగ్గర పడేసిన రాళ్లతోనే నిలబడే గోడ కట్టుకుంటాడు.

పరిటాలనే తీసుకుందాం. అప్పటి కృష్ణా జిల్లా మెట్ట, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఒక పక్క కొండపల్లి వైపు గుట్టలు, ఇంకో పక్క కృష్ణానది వైపు దిగిపోయే నల్లరేగడి చేలు, మధ్యలో హైదరాబాదు–విజయవాడ రహదారి. ఇలాంటి నేలలో ఏ రెండు స్థలాలూ ఒకే మట్టంలో ఉండవు. పైగా రోడ్డు ఎత్తు పెరిగేకొద్దీ పక్కనున్న స్థలాలు పల్లమైపోతాయి. వాన నీళ్లు ఇంట్లోకి రాకూడదని గ్రావెల్ తోలించి మెరక చేస్తారు. ముందు వైపు సమమవుతుంది కానీ వెనక పెరట్లో మూడడుగులో నాలుగడుగులో తేడా మిగిలిపోతుంది. తోలిన మట్టి పక్కవాళ్ల దొడ్లోకి జారకుండా అక్కడ ఏదో ఒకటి అడ్డం ఉండాలి.

చాలామంది ఇళ్లలో అడ్డం ఉండేది ప్రహరీ గోడే. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ప్రహరీకి రెండు పక్కలా నేల ఒకే ఎత్తున ఉంటుంది. అది తట్టుకోవాల్సింది గాలిని, ఎక్కి దూకే పిల్లలను. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, ఒక్కోచోట నాలుగున్నర అంగుళాల గోడ ఆ పనికి చాలు. దాని వెనక నాలుగడుగుల మట్టి పోశామంటే ఆ గోడకు ఉద్యోగం మారిపోయినట్టే. విజయవాడలో అందరూ రిటైనింగ్ వాల్ అనేదాన్ని మనం ఇక్కడ ఆపుగోడ అందాం. దాని లెక్కలు వేరు.

డస్ట్ గుట్ట వాలు

పరిటాల, దొనబండ క్రషర్ల దగ్గర బెల్టు మీంచి డస్ట్ రాలి గుట్టగా పడుతుంటుంది. కాసేపు నిలబడి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. గుట్ట పెరుగుతుంది, పాదం విస్తరిస్తుంది, కానీ దాని వాలు మారదు. కొత్తగా పడ్డ డస్ట్ పక్కలకు జారి మళ్లీ అదే వాలు దగ్గర ఆగుతుంది. పొడి ఇసుకకైనా డస్టుకైనా ఆ వాలు నేలతో 30 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటుంది. దీన్ని నిలకడ వాలు అందాం. ఇంజనీర్లు యాంగిల్ ఆఫ్ రిపోజ్ అంటారు. గరుకు అంచులున్న రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టే ఆ మాత్రం వాలు నిలుస్తుంది.

ఆ గుట్టనే నిలువుగా ఉంచాలనుకుంటే పక్కన ఒక గోడ పెట్టాలి. మరి గోడను నెట్టేది ఏది? పెరడంతా పరుచుకున్న మట్టి మొత్తం వచ్చి గోడ మీద పడుతుందేమోనని భయం వేస్తుంది. అలా జరగదని 1773లో ఒక ఫ్రెంచి సైనిక ఇంజనీరు లెక్క కట్టి చూపించాడు. ఆయన పేరు కూలుంబ్. విద్యుత్తు పాఠంలో మన పిల్లలు చదివే కూలుంబ్ నియమం ఆయనదే, కానీ అది తర్వాతి పని. అంతకు ముందు ఆయన కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవిలో ఏళ్ల తరబడి కోట కట్టించాడు. మట్టి దిబ్బలు, వాటిని ఆపే గోడలు అక్కడ ఆయనకు రోజూ ఎదురయ్యే సమస్య. పారిస్ సైన్స్ అకాడమీకి సమర్పించిన వ్యాసంలో ఆయన చెప్పిందేమిటంటే, గోడ కాస్త కదిలితే దాని వెనక మట్టిలోంచి ఒక ముక్కోణపు ముక్క విడివడి జారడానికి చూస్తుంది. గోడను నెట్టేది ఆ ముక్క మాత్రమే. మిగతా మట్టి తన చోట తాను ఉంటుంది.

ఆ ముక్క ఎంత ఉంటుంది? మొరం, ఇసుక లాంటి మట్టి వెనకున్న నాలుగడుగుల గోడకు, ఆ ముక్క గోడ అడుగున మొదలై పైకి వచ్చేసరికి వెనక్కి సుమారు రెండున్నర అడుగుల లోపే ఉంటుంది. అంటే పెరడు ముప్పై అడుగులున్నా మూడొందల అడుగులున్నా గోడకు ఒకటే. గోడ బతుకు వెనకున్న ఆ రెండున్నర అడుగుల్లో ఏం పోశామన్నదాని మీద ఆధారపడుతుంది. ఈ మాటను గుర్తుంచుకోండి; ఖర్చు తగ్గించే కిటుకులన్నీ ఇందులోంచే వస్తాయి.

ఇంకొక లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. గోడ ఎత్తు రెట్టింపైతే మట్టి తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఆ తోపు గోడను బోర్లా పడేసే బలమైతే ఎనిమిదింతలు. మూడడుగుల గోడ బాగానే నిలిచిందని అదే పద్ధతిలో ఆరడుగులు లేపితే పడిపోవడంలో వింతేమీ లేదు. ఆరడుగుల తేడా ఉన్నచోట మధ్యలో చాలినంత జాగా వదిలి మూడడుగుల గోడలు రెండు మెట్లుగా కట్టుకోవడం మేలు. పై మెట్టు కింది గోడ వెనకున్న ముక్క మీద కూర్చోకూడదు కాబట్టి, రెంటికీ మధ్య కనీసం కింది గోడ ఎత్తుకు రెట్టింపు దూరం వదలాలి. ఆ మెట్టు మీద కరివేపాకు, మల్లె, వంగ వేసుకోవచ్చు.

ఒకే రాయి, నాలుగు గోడలు

గోడ కట్టే వస్తువు ముఖ్యమా, ఆకారం ముఖ్యమా? దీన్ని 1834లో ఐర్లండులో ఒకాయన పరీక్ష పెట్టి తేల్చాడు. బర్గాయిన్ అనే ఆ సైనిక ఇంజనీరు డబ్లిన్ దగ్గరి కింగ్స్‌టౌన్ రేవులో నాలుగు గోడలు కట్టించాడు. నాలుగూ 20 అడుగుల ఎత్తు. నాలుగింటికీ గ్రానైటు రాయే, సున్నం లేదు, మట్టి లేదు, పేర్చడమే. నాలుగింటికీ పట్టిన రాయి కూడా సమానం. తేడా ఆకారంలోనే.

మొదటి గోడ ఒకే మందంతో మొత్తంగా మట్టి వైపుకు వాలి ఉంది. రెండోదానికి వెనక నిలువు, ముందు వాలు. మూడోదానికి ముందు నిలువు, వెనక వాలు. నాలుగోది రెండు వైపులా నిలువుగా, మనం మామూలుగా కట్టే ప్రహరీలాగే. గోడలు లేస్తుండగా వెనక మట్టి పోసుకుంటూ వచ్చారు. మట్టి 17 అడుగులకు వచ్చేసరికి మూడోది, నాలుగోది కూలిపోయాయి. ముందు ముఖం వెనక్కి వాలిన మొదటి రెండూ 20 అడుగులూ నింపినా నిలబడ్డాయి.

ఎంత రాయి వాడామన్నది ఒకటే, ఎంత డబ్బు పెట్టామన్నదీ ఒకటే. రెండు గోడలు పడ్డాయి, రెండు నిలిచాయి. పెరటి గోడ కట్టే మనిషికి ఇంతకన్నా పనికొచ్చే ప్రయోగం సైన్సు చరిత్రలో మరొకటి లేదనిపిస్తుంది నాకు. బస్సులో నిలబడ్డ మనిషి డ్రైవరు బ్రేకు వేస్తాడని పసిగడితే ముందే కాస్త వెనక్కి వాలి కాళ్లు నిలదొక్కుకుంటాడు. ఒళ్లు ముందుకు తూలినా నిటారుకు వస్తాడే తప్ప పడడు. గోడ కూడా తోపు వచ్చే వైపుకు ముందే వాలి ఉంటే, దాని బరువే దాన్ని పట్టుకుంటుంది. అడుగు ఎత్తుకు రెండంగుళాల వాలు ఇస్తే చాలు.

మన మేస్త్రీలకు తూకం గుండు వదిలి గోడ నిటారుగా ఉందో లేదో చూడటం చిన్నప్పటి నుంచి వచ్చిన అలవాటు. వాలుగా కట్టమంటే మొదట ఒప్పుకోరు. “గోడ వంకరగా ఉందంటారండీ” అంటారు. ఇంటి గోడకు ఆ పట్టుదల మంచిదే. ఆపుగోడకు మాత్రం రెండు కర్రలు కావలసిన వాలులో పాతి, వాటి మధ్య తాడు కట్టి చూపిస్తే, అదే మేస్త్రీ అంతే శ్రద్ధగా ఆ వాలును పాటిస్తాడు.

వెనక చేరిన నీళ్లు

ఇప్పుడు అసలు దోషిని చూద్దాం. నాలుగడుగుల ఎత్తు, పునాది దగ్గర రెండడుగుల మందం, పైకి వచ్చేసరికి పదహారు అంగుళాల మందం ఉన్న రాతి గోడను ఊహించుకోండి. ఒక్క అడుగు పొడవు ముక్క బరువు సుమారు 370 కిలోలు. అది నేల మీద జారకుండా రాపిడి ఇచ్చే పట్టు సుమారు 220 కిలోల బరువుకు సమానం. వెనక పొడి మొరం ఉంటే దాని తోపు సుమారు 130 కిలోలు. 220 పట్టు, 130 తోపు. గోడ హాయిగా నిలుస్తుంది.

ఇప్పుడు వాన కురిసింది. గోడకు కన్నాలు లేవు. వెనక మట్టిలో పైదాకా నీళ్లు నిండాయి. నీళ్లలో మునిగిన మట్టి తేలికవుతుంది కాబట్టి దాని తోపు దాదాపు సగానికి పడిపోతుంది. కానీ నీటికి నిలకడ వాలు అనేదే లేదు. రేణువులు పట్టుకునే పట్టు దానికి సున్నా. తన పూర్తి బరువుతో పక్కకు తోస్తుంది. రెండూ కలిపితే తోపు సుమారు 280 కిలోలు. 220 పట్టున్న గోడ 280 తోపుకు ఆగదు. అదే గోడ, అదే మట్టి. మారింది నీళ్లొక్కటే. గోడలు వేసవిలో పడవు. వానాకాలం నడిమధ్యలో, రాత్రిపూట కురిసిన జడివాన తర్వాత పడతాయి. కారణం ఈ లెక్కే.

సిమెంటు ఎక్కువ పోసి, ప్లాస్టరింగు నున్నగా చేసి, ఒక్క కన్నమైనా వదలని గోడే ముందు పొట్ట వేస్తుంది. ఆ శ్రద్ధంతా నీళ్లకు దారి మూసేయడానికే ఖర్చయింది. రాళ్లు ఊరికే పేర్చిన గోడలో ప్రతి సందూ ఒక కన్నమే. నీళ్లు వచ్చినవి వచ్చినట్టు పోతాయి. అందుకే చవకైన గోడ ఇక్కడ ఖరీదైన గోడ కన్నా మెరుగు. 2018లో యునెస్కో ఫ్రాన్సు, ఇటలీ, గ్రీసు సహా ఎనిమిది ఐరోపా దేశాల పొడి రాతి కట్టుబడి విద్యను మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆ దేశాల వాలు పొలాల్లో తరాల తరబడి ద్రాక్ష, ఆలివు తోటలను కాసిన గోడలు ఇలా పేర్చినవే.

నీటిని తట్టుకునే గోడ కట్టలేమని కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి పారినప్పుడు విజయవాడ కృష్ణలంకను కాచింది నది వెంట కట్టిన కాంక్రీటు రిటైనింగ్ వాలే. నీళ్లు వచ్చి ఆనుకుంటాయని ముందే లెక్క వేసి, దానికి తగ్గ పునాది, ఇనుము పెట్టి కట్టిన గోడ అది. పెరట్లో ఎవరూ ఆ స్థాయిలో కట్టరు, కట్టనక్కర్లేదు కూడా. పెరట్లో నీటిని ఆపడం కన్నా పంపించడమే తేలిక.

కానీ మనం చేసేది చూడండి. బాత్రూము తూము గోడ వెనకే. డాబా మీది వాననీళ్ల గొట్టం గోడ వెనకే. ఇంకుడు గుంత మంచి ఆలోచనే, ప్రతి ఇంట్లో ఉండాల్సిందే, అయితే దాన్ని కూడా తెచ్చి ఆపుగోడ వెనక మూడడుగుల్లోనే తవ్వుతారు. గోడను పడగొట్టే నీళ్లను మన చేతులతో మనమే రోజూ పోస్తున్నామన్నమాట. ఇంకుడు గుంతను గోడకు దూరంగానో, గోడ కింది వైపునో పెట్టుకోవాలి.

నల్లరేగడి

మెట్ట రైతుకు నల్లరేగడి బంగారం. పత్తి, మిరప దాని మీదే పండుతాయి. గోడకు మాత్రం అంతకు మించిన శత్రువు లేదు. ఈ మట్టిలోని మాంట్‌మోరిల్లోనైటు అనే బంకమట్టి ఖనిజం సన్నని పొరలుగా ఉంటుంది. తడిస్తే పొరల మధ్యకు నీరు దూరి మట్టి ఉబ్బుతుంది. ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. మే నెలలో పొలంలో చెయ్యి దూరేంత నెర్రెలు చూసే ఉంటారు.

గోడ వెనక జరిగేది ఇది. వేసవిలో మట్టి ముడుచుకుని గోడ నుంచి విడిపోయి సందు ఇస్తుంది. ఆ సందులోకి, నెర్రెల్లోకి పైనుంచి దుమ్ము, పుల్లలు, గులకలు రాలి పడతాయి. తొలకరి వానకు మట్టి మళ్లీ ఉబ్బుతుంది, కానీ తన పాత చోటు ఇప్పుడు నిండిపోయి ఉంది. మిగిలిన దారి గోడను ముందుకు నెట్టడమే. ఒక ఏడాది పావంగుళం జరుగుతుంది అనుకుందాం. మరుసటి వేసవిలో కొత్త సందు, కొత్త దుమ్ము, కొత్త తోపు. వెనక్కి వెళ్లడమంటూ ఉండదు. “రెండు వానాకాలాలు తిరిగేసరికి” అన్న మాట ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది కదా.

దీనికి మందు కనిపెట్టినవారిలో బొంబాయి ఐఐటీ ఆచార్యుడు ఆర్.కె. కట్టి ముఖ్యులు. కర్ణాటకలో మలప్రభ ప్రాజెక్టు కాలువలు నల్లరేగడిలో తవ్వితే లైనింగు పగిలిపోతుండేది. లైనింగుకూ రేగడికీ మధ్య ఉబ్బని మట్టిని, అంటే మొరం లాంటిదాన్ని, మందంగా పరిచి దిమ్మిస కొడితే ఆ ఉబ్బు అణుగుతుందని ఆయన చూపించారు. ఇప్పుడది దేశమంతటా అమల్లో ఉన్న పద్ధతి.

పెరటికి దీన్ని ఇలా వాడుకోవాలి. కూలుంబ్ ముక్క గుర్తుంది కదా, గోడ వెనక రెండున్నర అడుగులు. ఆ మేరకు రేగడిని తవ్వి తీసేసి మొరమో క్రషర్ వ్యర్థమో పోస్తే, గోడకు రేగడి ఎదురే పడదు. తీసిన రేగడిని కూరగాయల మడిలో వేసుకోండి. అది అక్కడే ఉండాలి.

క్వారీ పారేసింది, డాబా కూల్చగా మిగిలింది

ఇక సరుకు సంగతి. ఈ ప్రాంతానికి ఉన్న అదృష్టం ఏమిటంటే, కొనాల్సిన వస్తువులు తక్కువ, పారేసేవి ఎక్కువ.

క్వారీల్లో, క్రషర్లలో సైజుకు రాని రాళ్లు పక్కన పోగుపడతాయి. ఆపుగోడకు కావాల్సింది సరిగ్గా అలాంటివే: అడుగు, అడుగున్నర పొడవుండి, పలకబారి, కరుకు అంచులతో ఉండేవి. గుండ్రటి గులకరాళ్లు మాత్రం వద్దు. పరిటాల చుట్టుపక్కల ఒకప్పుడు వజ్రాల కోసం తవ్విన నేలలో, తొలకరి వానలకు ఇప్పటికీ జనం వజ్రాలు వెతికే గుడిమెట్ల వైపు, ఏటి ఒరిపిడికి నునుపెక్కిన రాళ్లు బోలెడు. అవి ఒకదాని మీద ఒకటి ఆగవు. గోడ ముఖానికి పనికిరాకపోయినా, వెనక నీటిదారి నింపడానికి పనికొస్తాయి.

కూల్చిన డాబాల స్లాబు ముక్కలు రాళ్ల కన్నా ఒక రకంగా మేలు. స్లాబు మందం నాలుగైదు అంగుళాలే కాబట్టి పైనా కిందా చదునుగా ఉంటాయి. వరసలు ఇట్టే కుదురుతాయి. పగిలిన గరుకు అంచు బయటికి పెడితే చూడటానికి రాతి గోడలాగే ఉంటుంది. పొడుచుకొచ్చిన ఊచలు మాత్రం కోసేయాలి, పిల్లలకు గీసుకుపోతాయి. కట్టడాల శిథిలాల నిర్వహణ మీద కేంద్రం 2016లో నియమావళి తెచ్చింది. కాంక్రీటు కంకరకు సంబంధించిన ఐఎస్ 383 ప్రమాణం కూడా అదే ఏడాది మారి, శిథిలాల నుంచి తీసిన కంకరను కొంత మేర కాంక్రీటులో వాడొచ్చని ఒప్పుకుంది. కాంక్రీటుకే పనికొచ్చేది పేర్చే గోడకు పనికిరాదా?

జగ్గయ్యపేట వైపు నాపరాళ్ల ముక్కలు దొరుకుతాయి. పలుచనివి కాబట్టి గోడ మొత్తం వాటితో కడితే పని ఎక్కువ పడుతుంది. పై వరస మీద మూతగా పరచడానికి వాటికి సాటి లేదు.

ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి నడుస్తున్న థర్మల్ కేంద్రం బూడిద ఈ ప్రాంతమంతా ఎరిగినదే. దానితో చేసిన ఇటుకలు ఇప్పుడు ప్రతి వీధిలో ఉన్నాయి. బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండా ఇటుక చేసే ఫాల్‌–జీ పద్ధతి మన విశాఖపట్నంలో భానుమతీదాస్, కాళిదాస్ అనే శాస్త్రవేత్తల కృషి. బూడిద ఇటుక మంచిదే. వదులు బూడిదను తెచ్చి గోడ వెనక పోయడం మాత్రం మంచిది కాదు. ఎండితే గాలికి లేస్తుంది, తడిస్తే రాళ్ల సందులను పూడ్చేస్తుంది.

ఖాళీ సిమెంటు బస్తాల్లో మొరం నింపి, వరసలు పేర్చి, మధ్య మధ్య ముళ్లకంచె తీగ పరిచి కట్టడం చాలా దేశాల్లో ఉంది. పని త్వరగా అవుతుంది. అయితే ఆ ప్లాస్టిక్ నేత ఎండకు కొన్ని నెలల్లోనే పెళుసెక్కి పొడి పొడిగా రాలుతుంది. బస్తాల గోడ కడితే ఎండ తగలకుండా వెంటనే పూత వేయాలి. రేగడి నింపితే బస్తా కూడా ఉబ్బుతుంది. పాత టైర్ల గోడలు కూడా కొన్నిచోట్ల కడతారు. మట్టి గట్టిగా కూరకుండా వదిలిన ప్రతి టైరూ దోమల తొట్టే, అందుకే నేను చెప్పను.

వద్దనాల్సినవి ఇంకా ఉన్నాయి. పగిలిన సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని పొడి ఊపిరితిత్తులకు విషం, ముట్టుకోకండి. ఫాల్స్ సీలింగు పీఓపీ నీళ్లకు కరుగుతుంది. పాత చెక్క చెదలకు మేత. అన్నిటికన్నా ముఖ్యం, పాత దిబ్బల్లో దొరికిన చెక్కడపు రాళ్లు, పెద్ద పెద్ద ఇటుకలు. జగ్గయ్యపేటలో బౌద్ధ స్తూపం ఉంది. ఈ కృష్ణా తీరమంతా అలాంటి దిబ్బలే. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్టణం కట్టినప్పుడు అక్కడి మహాస్తూపం రాళ్లూ ఇటుకలూ కట్టడాలకు తరలిపోయాయి. ఆ నష్టం మళ్లీ పూడలేదు. అలాంటి రాయి కనిపిస్తే పురావస్తు శాఖకు చెప్పండి.

రాయి మీద రాయి

మొదట గోడ వచ్చే చోట రెండడుగుల వెడల్పు, అడుగు లోతు కందకం. అడుగున రేగడి ఉంటే ఇంకో అడుగు తీసి మొరం పోసి దిమ్మిస కొట్టాలి. కందకం అడుగు కూడా మట్టి వైపుకు కాస్త వాలుగా ఉంటే జారే భయం ఇంకా తగ్గుతుంది. అన్నిటికన్నా పెద్ద రాళ్లు ఇక్కడే పోవాలి. నాలుగడుగుల ఎత్తు, ముప్పై అడుగుల పొడవు గోడకు పునాదితో కలిపి దాదాపు 260 ఘనపుటడుగుల రాయి పడుతుంది. ట్రాక్టరుకు వంద అడుగుల లెక్కన మూడు ట్రాక్టర్ల లోపే.

పేర్చడం తెలిసిన మేస్త్రీ చేతులను దగ్గర్నుంచి చూడాలి. రాయిని తీసుకోగానే పెట్టడు. ఒకటి రెండు సార్లు తిప్పుతాడు. పొడుగు వైపు గోడ లోపలికి పోయేట్టు, పొట్టి వైపు ముఖానికి వచ్చేట్టు పెడతాడు. చూసేవాళ్లకు పెద్ద ముఖం కనబడాలని పొడుగు వైపు బయటికి పెట్టే మేస్త్రీని నమ్మకండి. ఆ రాయి గోడకు అతికించిన బిళ్లే అవుతుంది, గోడను పట్టుకోదు. పెట్టిన రాయి మీద అరచేయి ఆనించి ఊపుతాడు. కదిలితే ముందు వైపు నుంచి చిన్న ముక్క దోపడు, అది రాలిపోతుంది. వెనక్కి వంగి అటునుంచి దోపి సుత్తితో రెండు దెబ్బలు వేస్తాడు. మళ్లీ ఊపుతాడు. అప్పుడే రెండో రాయి. కింది వరసలో రెండు రాళ్ల మధ్య సందు మీదికి పై వరసలో రాయి నడుము రావాలి. మూడు నాలుగు అడుగులకొకటి చొప్పున, ముఖం నుంచి వెనకదాకా పోయే పొడుగు రాయి ఒకటి పడాలి. గోడను కుట్టేవి ఆ రాళ్లే.

ప్రతి రెండు వరసలకూ ఆగి వెనక నింపాలి. గోడను ఆనుకుని అడుగు మందాన 40 ఎంఎం కంకర, దాని వెనక చిప్స్, ఆ వెనక మొరం. ఎందుకీ వరస? మట్టి పక్కనే పెద్ద రాయి ఉంటే నీటితో పాటు మట్టి కూడా సందుల్లోంచి జారిపోతుంది. రేణువు సైజు మెట్లు మెట్లుగా పెరిగితే ప్రతి పొరా తన వెనకదాన్ని ఆపుతుంది, నీళ్లను వదులుతుంది. సాయిల్ మెకానిక్స్‌కు ఆద్యుడైన టెర్జాగీ ఆనకట్టల కోసం పెట్టిన నియమం ఇదే. క్రషర్ వాడు రాయిని సైజుల వారీగా వేరు చేసే పెడతాడు కాబట్టి మనకు జల్లించే పని కూడా లేదు. అన్నిటి పైన అర అడుగు మందాన మట్టి వేసి, గోడ నుంచి వెనక్కి వాలు ఇచ్చి, ఆ నీళ్లను పక్కకు తీసుకుపోయే చిన్న కాలువ తియ్యాలి. గోడ నెత్తిన వట్టివేరు వేస్తే దాని వేళ్లు నిలువుగా రెండు మూడు మీటర్లు దిగి మట్టిని పట్టుకుంటాయి. రావి, మర్రి మొలకలు కనిపించిన రోజే పీకేయాలి.

ఇదంతా నాలుగడుగుల వరకే. అంతకు మించితేనో, గోడ వెనక ఎత్తుకు సమానమైన దూరంలో ఇల్లో బండ్లు తిరిగే దారో ఉంటేనో, లేక స్థలం కొండవాలు మీద ఉంటేనో, లైసెన్సు ఉన్న ఇంజనీరు చూడకుండా రాయి కదపకూడదు. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో జడివానకు కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. అలాంటి వాలు ముందు పేర్చిన రాళ్లు ఏమీ చెయ్యలేవు. అక్కడ పొదుపు మాట ఎత్తనే కూడదు.

గోడ పూర్తయ్యాక మొదటి పెద్ద వానకు గొడుగు వేసుకుని వెళ్లి గోడ అడుగు చూడండి. రాళ్ల సందుల్లోంచి నీళ్లు రావాలి, తేటగా రావాలి. మొదటి ఒకటి రెండు వానలకు కాస్త బురదగా వచ్చినా పర్వాలేదు. ఆ తర్వాత కూడా ఎర్రగానే వస్తుంటే వెనక మట్టి కొట్టుకుపోతోందని అర్థం. ఆ చోట తవ్వి చిప్స్ పొర సరిచేయాలి. అసలు నీళ్లే రాకపోతే ఇంకా తొందరపడాలి. గోడ ముఖానికి తాడు పట్టి ఏడాదికోసారి కొలవండి. ఎక్కడైనా రాళ్లు ముందుకు వచ్చినట్టు కనబడితే ఆ రెండు గజాల మేర విప్పి అవే రాళ్లతో మళ్లీ పేర్చుకోవచ్చు. ఒక పూట పని, కొత్తగా కొనేదేమీ ఉండదు.